‘అవును’ అని టిక్కు పెట్టిన సిపాయి

(మన పుస్తకాల్లో లేనివాళ్ళు – 17వ భాగం)

1967 ఆగస్టు. వియత్నాం యుద్ధం మంచి కాక మీద ఉంది. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలోని టకోమా అనే రేవు పట్టణంలో పెరిగిన ఒక నల్లజాతి కుర్రాడికి సైన్యం నుంచి పిలుపు వచ్చింది. పేరు పెర్రీ వాట్కిన్స్. అప్పుడే 19 ఏళ్ళు నిండాయి. ఆ రోజుల్లో అక్కడ సైన్యంలో చేరడం ఇష్టాయిష్టాల సంగతి కాదు, పిలిస్తే పోవాల్సిందే. వైద్య పరీక్షకు ముందు ఒక ఫారం ఇచ్చారు. ఏయే జబ్బులున్నాయో అడుగుతూ పోయే ఆ జాబితాలోనే ఒక ప్రశ్న: స్వలింగ సంపర్కం వైపు మొగ్గు ఉందా? ఎదురుగా అవును, కాదు అని రెండు గళ్ళు.

పెర్రీ ‘అవును’ దగ్గర టిక్కు పెట్టాడు.

బడాయికి పెట్టలేదు. హైస్కూల్లో ఉన్నప్పటి నుంచే తను గే అని దాచకుండా తిరిగినవాడు. ఇంట్లో తెలుసు, బడిలో తెలుసు. అడిగారు కాబట్టి చెప్పాడు. సైన్యం నిబంధన ప్రకారం ఆ టిక్కు పడిన మనిషిని తీసుకోకూడదు. మానసిక వైద్యుడి దగ్గరికి పంపారు. ఆయన ఇంకా నాలుగు ప్రశ్నలు వేసి, ‘చేర్చుకోవడానికి అర్హుడు’ అని రాసి పంపేశాడు. 1968 మేలో పెర్రీ యూనిఫాం వేసుకున్నాడు.

ఎందుకు తీసుకున్నారు? పెర్రీ తర్వాతి కాలంలో దీనికి తనకు తోచిన జవాబు చెప్పాడు. ఈ నల్లోణ్ణి వియత్నాం పంపిస్తాం, అక్కడ చస్తాడు, ఈ కాగితం సంగతి ఇంకెవరికీ పట్టదు అని ఆ డాక్టరు అనుకుని ఉంటాడని. ఆ డాక్టరు మనసులో ఏముందో నేను రుజువు చేయలేను. కానీ ఆ కాలం సంగతి రుజువు చేయొచ్చు. 1966లో రక్షణ మంత్రి మెక్‌నమారా ‘ప్రాజెక్ట్ 1,00,000’ అని ఒక పథకం పెట్టాడు. అంతకుముందు పరీక్షల్లో తప్పినవాళ్ళను, పనికిరారని తిప్పి పంపినవాళ్ళను ప్రమాణాలు తగ్గించి తీసుకోవడం దాని పని. అలా తీసుకున్న సుమారు 3,50,000 మందిలో 40 శాతం దాకా నల్లవాళ్ళే. యుద్ధానికి మనుషులు చాలనప్పుడు ‘అర్హత’ అనే మాటకు అర్థం మారిపోతుంది. ఎవరి కోసం మారుతుంది, ఎంతకాలం మారుతుంది అన్నది అసలు ప్రశ్న.

పెర్రీ పుట్టింది 1948 ఆగస్టు 20న. దానికి నాలుగు వారాల ముందే, జులై 26న, అధ్యక్షుడు ట్రూమన్ సైన్యంలో జాతి వివక్ష ఉండకూడదని 9981 నంబరు ఉత్తర్వు మీద సంతకం చేశాడు. అంటే చర్మం రంగును బట్టి మనుషులను వేరు చేయకూడదని సైన్యం కాగితం మీద ఒప్పుకున్న నెల లోపలే పుట్టినవాడు. ఇంకో కారణం చూపించి ఆ సైన్యం అతన్ని వేరు చేయడానికి 36 ఏళ్ళు పట్టింది.

ఈ కథ ఇప్పుడెందుకు ఎత్తుకున్నానో చెప్పాలి. నా దగ్గర డిగ్రీ చదివిన పిల్లవాడొకడు, మనవాడే, ఈమధ్య ఒక సుదీర్ఘమైన మెసేజ్ పెట్టాడు. పొద్దున నాలుగింటికి లేచి గ్రౌండుకు పోయే బ్యాచ్‌లో ఉంటాడు. 1.6 కిలోమీటర్లు అయిదున్నర నిమిషాల్లో పరుగెత్తగలుగుతున్నాడు. ఆర్మీ అంటే ప్రాణం. తను గే అన్న సంగతి స్నేహితుల్లో కొందరికి తెలుసు, తమ్ముడికి తెలుసు. “సార్, నేను ఎవరికీ అబద్ధం చెప్పి బతకలేను. ముందే చెప్పి చేరొచ్చా? ఎవరైనా అలా చేరారా?” ఇదీ ప్రశ్న. మనవాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఒక పెద్దాయనను విడిగా అడిగితే, “ఇవన్నీ పై కులాల పిల్లల సరదాలు, మనకెందుకురా” అన్నాడట. అందుకే వచ్చాడు నా దగ్గరికి.

ఈ ప్రశ్నకు ‘ధైర్యంగా ఉండు’ అనో ‘జాగ్రత్తగా ఉండు’ అనో జవాబిస్తే సరిపోదు. ముందే చెప్పి చేరినవాడి కథ మొత్తం తెలియాలి. ఎవరైనా చేరారా అంటే, చేరాడు. పెర్రీ వాట్కిన్స్.

ఫారాల్లో గళ్ళంటే ఏమిటో మనకు ఒకరు చెప్పక్కర్లేదు. ‘కులం’ అని రాసిన గడి ముందు పెన్ను ఒక్క క్షణం ఆగని దళిత విద్యార్థిని నేనింకా చూడలేదు. నేనూ ఆగాను. కానీ ఆ గడి వెనక ఒక రాజ్యాంగం ఉంది, 16వ అధికరణం ఉంది, రిజర్వేషన్ ఉంది. అది నింపితే అవమానం రావచ్చు, దాంతోపాటు హక్కు కూడా వస్తుంది. అద్దె ఇంటికి పోతే ఓనరు “మీరేమిట్లు?” అని అడుగుతాడు చూడండి, అది కూడా గడే. అక్కడ నిజం చెబితే వచ్చేది తాళం వేసిన తలుపు. పెర్రీ ముందున్న గడి ఈ రెండో రకం. వెనక హక్కు లేని గడి. అందులో పెట్టిన టిక్కు నీ నిజాయితీకి సాక్ష్యంగా పనికిరాదు, వాళ్ళకు అవసరమైన రోజున బయటికి తీసే కాగితంగా పనికొస్తుంది.

చేరాక ఏం జరిగిందో చూద్దాం. 1968లోనే గే సైనికులను ఇంటికి పంపేస్తున్నారని తెలిసి, అయితే నన్నూ పంపండి అన్నాడు పెర్రీ. 13 ఏళ్ళప్పటి నుంచి తను ఇంతేనని, ఇద్దరు సైనికులతో సంబంధం కూడా ఉందని అఫిడవిట్ రాసిచ్చాడు. సైన్యం వాళ్ళ నేర పరిశోధన విభాగం విచారణ జరిపి, సాక్ష్యాలు చాలవని మూసేసింది. తన మీద తనే ఇచ్చుకున్న వాంగ్మూలం చాలదట! పాదిరికి సహాయకుడిగా పనిచేస్తానని అడిగితే మాత్రం, గే కాబట్టి కుదరదన్నారు. ఒకే సైన్యం, ఒకే మనిషి, ఒకే సంవత్సరం. ఇంటికి పంపడానికి అతను గే అని రుజువు కాదు, కోరుకున్న పని ఇవ్వకపోవడానికి రుజువు అవుతుంది. గుమాస్తా పని ఇచ్చారు.

ఆ గుమాస్తా పనిలో అతను దిట్ట. 1970లో మొదటి దఫా గౌరవంగా ముగిసింది. బయట సరైన పని దొరక్క 1971లో మళ్ళీ చేరతానని వచ్చాడు. ఫైలు చూశారు, టిక్కు చూశారు, అఫిడవిట్ చూశారు, అర్హుడే అన్నారు. 1972లో మరో విచారణ జరిగింది, అదీ ఎటూ తేలలేదు. మరోపక్క పెర్రీ ‘సిమోన్’ అనే పేరుతో ఆడవేషం కట్టి ప్రదర్శనలు ఇచ్చేవాడు. దొంగచాటుగా కాదు, పై అధికారి అనుమతితో, సైన్యం వాళ్ళ కార్యక్రమాల్లోనే. మగవాళ్ళు ఆడవేషం కట్టడం మనకేం కొత్త? స్థానం నరసింహారావు గారి సత్యభామకు పద్మశ్రీ ఇచ్చుకున్నవాళ్ళం. వేషం కట్టినంతసేపు చప్పట్లు కొడతారు. వేషం విప్పాక కూడా నేను వేరేగానే ఉంటానంటేనే గొడవ.

1975లో ఒక కమాండర్‌కు రూల్సు గుర్తొచ్చి, తొలగించాలా వద్దా తేల్చమని అధికారుల బోర్డు వేయించాడు. ఆ కమాండరే బోర్డు ముందుకొచ్చి, నా దగ్గరున్న గుమాస్తాల్లో ఇతనంతటివాడు లేడని చెప్పాల్సి వచ్చింది. తోటి సిపాయిలు, మాకందరికీ తెలుసు, మాకేం ఇబ్బంది లేదన్నారు. బోర్డు ఏకగ్రీవంగా ఉంచేయమంది. 1977లో రహస్య పత్రాలు చూసే క్లియరెన్సు ఇచ్చారు. 1979లో ఇంకో దఫా చేర్చుకున్నారు. ఇక్కడ ఒక్క సంగతి బాగా పట్టుకోవాలి. గే మనిషి ఉంటే పటాలం చెడిపోతుందనే వాదనకు ఆ పటాలమే పదేళ్ళకు పైగా జవాబిస్తూ వచ్చింది. చెడిపోలేదు.

ఇక మన సంగతికి వస్తాను. దళిత చరిత్ర చదివినవాళ్ళకు ఈ వరస కొత్తగా ఉండదు. మహర్లు ఈస్టిండియా కంపెనీ బొంబాయి సైన్యంలో తరాల పాటు పనిచేశారు. 1818 కోరేగావ్ గురించి ఈ పేజీ చదివేవాళ్ళకు మళ్ళీ చెప్పను. 1857 తర్వాత సైన్యాన్ని కులాల వారీగా, జాతుల వారీగా పేర్చడం మొదలైంది. లార్డ్ రాబర్ట్స్ సర్వసేనానిగా ఉన్న కాలంలో ‘యుద్ధ జాతులు’ అనే సిద్ధాంతం బలిసింది. 1892 నాటికి మహర్లను చేర్చుకోవడం ఆపేశారు. అంబేడ్కర్ పుట్టి అప్పటికి ఏడాది. మ్హౌ కంటోన్మెంటులో సుబేదారు కొడుకుగా పుట్టిన పిల్లవాడికి ఆ సైన్యం తలుపు పాకే వయసులోనే మూసుకుపోయింది. రిటైరైన హవల్దారు గోపాల్ బాబా వలంగ్కర్ మళ్ళీ చేర్చుకోమని 1894లో అర్జీ రాశాడు. ఎవరూ వినలేదు. 1917లో మొదటి ప్రపంచ యుద్ధానికి మనుషులు చాలకపోయేసరికి, మహర్లు హఠాత్తుగా యుద్ధ జాతి అయిపోయారు. 111వ మహర్ పటాలం లేచింది. యుద్ధం అయిపోయింది, 1921కి పటాలం రద్దు. 1941లో మళ్ళీ యుద్ధం, మళ్ళీ మహర్ రెజిమెంటు. 1943లో చమార్ రెజిమెంటు పెట్టారు, 1946లో ఎత్తేశారు.

తెలుగువాళ్ళది ఇంకో విచిత్రం. ఉత్తరాదిన సిపాయికి ఒకప్పుడు ‘తిలంగా’ అనే పేరుండేది. కంపెనీ తొలి సిపాయిలు ఇటువైపు నుంచి వెళ్ళినవాళ్ళు కాబట్టి మన పేరే ఆ ఉద్యోగానికి పేరైపోయింది. రాబర్ట్స్ కాలం వచ్చేసరికి, దక్షిణాది వేడికి, సుఖానికి అలవాటుపడి ఈ జనం యుద్ధానికి పనికిరాకుండా పోయారని తేల్చారు. భాషలో సిపాయి అంటేనే తెలుగువాడు, భర్తీ కాగితంలో తెలుగువాడు సిపాయే కాడు! సాహిత్యం పాఠం చెప్పేవాణ్ణి, ఇలాంటి మాట తగిలితే వదలబుద్ధి కాదు, క్షమించండి.

మహర్లను ఆపిన వాదన వెనుక లెక్క ఏమిటి? పై కులాల సిపాయిలు వాళ్ళ పక్కన నిలబడరు, వాళ్ళ చేతి నీళ్ళు తాగరు, మహర్ సుబేదారు ఆజ్ఞ వినరు. అమెరికాలో ట్రూమన్ ఉత్తర్వుకు ముందు నల్లవాళ్ళను విడిగా ఉంచినప్పుడు సేనానులు చెప్పిందీ ఇదే. తెల్ల సిపాయి నల్లవాడితో కలిసి పడుకోడు, క్రమశిక్షణ దెబ్బతింటుంది అని. గే సైనికుల దగ్గరికి వచ్చేసరికి అదే వాదన స్నానాల గది చుట్టూ తిరిగింది. ఒకే బ్యారక్, ఒకే మెస్, ఒకే షవర్, ఎలా కుదురుతుంది అని. అసహ్యం పడేది ఒకడు. ఉద్యోగం పోయేది ఇంకొకడికి. ఆ అసహ్యాన్ని మానుకోమని ఎవరూ ఆజ్ఞ ఇవ్వరు. ఆజ్ఞలు ఇవ్వడమే పనిగా ఉన్న వ్యవస్థ, ఈ ఒక్క విషయంలో మాత్రం సిపాయిల మనోభావాల గురించి తెగ మథనపడుతుంది.

మళ్ళీ పెర్రీ దగ్గరికి. వియత్నాం యుద్ధం ముగిసింది. 1973లో బలవంతపు భర్తీ కూడా ఆగిపోయింది. 1981 జనవరిలో, కార్టర్ పదవి దిగిపోతున్న రోజుల్లో, రక్షణ శాఖ కొత్త విధానం తెచ్చింది. స్వలింగ సంపర్కం సైనిక సేవతో పొసగదు, పనితీరు ఎంత బాగున్నా తొలగించాల్సిందే అని. అంతకుముందు అధికారికి కాస్త విచక్షణ ఉండేది. పెర్రీని ఇన్నాళ్ళు నిలబెట్టింది ఆ విచక్షణే. అది పోయింది. 1967 టిక్కు, 1968 అఫిడవిట్, 1975 బోర్డు కాగితాలు, అన్నీ ఫైల్లో భద్రంగా ఉన్నాయి. 1980లోనే క్లియరెన్సు రద్దు చేశారు. ఇప్పుడు తొలగింపు మొదలుపెట్టారు. అమెరికా సైన్యంలో 20 ఏళ్ళు పూర్తయితే పింఛను. పెర్రీ 14 ఏళ్ళ దగ్గర ఉన్నాడు.

కోర్టుకు వెళ్ళాడు. సియాటిల్‌లో జిల్లా జడ్జి బార్బరా రాత్‌స్టీన్ 1982లో అతని పక్షాన నిలిచింది. ఆ ఉత్తర్వు బలంతో మళ్ళీ చేరాడు. 1983లో పై కోర్టు దాన్ని కొట్టేసింది. 1984లో బయటికి పంపేశారు. 1988లో తొమ్మిదో సర్క్యూట్ అప్పీళ్ళ కోర్టులో ముగ్గురు జడ్జీల బెంచి పెద్ద తీర్పే ఇచ్చింది. జడ్జి నోరిస్ రాసిన ఆ తీర్పు ఈ నిషేధం చట్టం ముందు సమానత్వానికి విరుద్ధం అంది. అది నిలబడి ఉంటే వేలమందికి తలుపు తెరుచుకునేది. 1989లో అదే కోర్టు విస్తృత ధర్మాసనం ఆ తీర్పును పక్కన పెట్టింది. పెర్రీని గెలిపించింది, కానీ వేరే కారణం మీద. ‘ఎస్టాపెల్’ అంటారు న్యాయశాస్త్రంలో. మామూలు మాటల్లో చెప్పాలంటే, తెలిసి తెలిసి ఇన్నాళ్ళు ఒప్పుకున్నావు, అవతలివాడు నీ మాట నమ్మి జీవితం కట్టుకున్నాడు, ఇప్పుడు నాకు తెలియదంటే కుదరదు అని. 1990 నవంబరులో సుప్రీంకోర్టు జోక్యం చేసుకోనంది. పాత జీతం కింద 1,35,000 డాలర్లు, ఒక ప్రమోషను, పూర్తి పింఛను, గౌరవ విరమణ ఇచ్చి ప్రభుత్వం లెక్క తేల్చుకుంది.

మన తమ్ముడు “ముందే చెప్పేస్తే” అన్నాడు కదా, ఇక్కడే జాగ్రత్తగా చదవాలి. పెర్రీ గెలిచింది ముందే చెప్పినందుకే. అతను మొదటిరోజే ‘అవును’ అనకపోయి ఉంటే ఆ కేసు లేదు. నిజమే. కానీ ఆ గెలుపు అతనొక్కడిదే. పక్క బంకులో పడుకున్న ఇంకో గే సిపాయికి అందులో పైసా హక్కు రాలేదు. సైన్యం చేసిన తప్పు వివక్ష అని కోర్టు చివరికి అనలేదు, మాట తప్పడం అంది. నిజం చెప్పినవాడికి దక్కిన న్యాయం కూడా వ్యక్తిగత బాకీ తీర్చినట్టు తీరిపోయింది.

ఇక్కడ, మన దేశంలో సంగతేమిటి? మన సైన్యం భర్తీ కాగితాల్లో ఆ గడి లేదు. కులం గడి ఉంది. 2022లో అగ్నిపథ్ భర్తీకి కుల ధ్రువపత్రం దేనికని ప్రశ్నలొస్తే, ఇది ఎప్పటినుంచో ఉన్నదేనని రక్షణ మంత్రి అన్నారు. సైనికుల భర్తీలో ఎస్సీ రిజర్వేషన్ మాత్రం లేదు. అంటే హక్కు లేని గడి అక్కడ మనకు ముందే ఒకటుంది. రాష్ట్రపతి అంగరక్షక దళంలోకి రాజ్‌పుత్‌లను, జాట్‌లను, జాట్ సిక్కులను మాత్రమే తీసుకుంటామని, అది ‘పని అవసరం’ అని సుప్రీంకోర్టుకే చెప్పుకున్న వ్యవస్థ ఇది.

2018 సెప్టెంబరు 6న నవ్‌తేజ్ జోహార్ కేసులో సుప్రీంకోర్టు ఐపీసీ 377ను కుదించింది. ఇష్టపడిన పెద్దవాళ్ళ మధ్య సంబంధం నేరం కాదంది. నాలుగు నెలలు తిరిగేసరికే, 2019 జనవరిలో, అప్పటి సైన్యాధిపతి జనరల్ బిపిన్ రావత్ పత్రికల సమావేశంలో సైన్యంలో దీన్ని ఒప్పుకోమని, తమది సంప్రదాయ సంస్థ అని, ఆర్మీ చట్టం సెక్షన్ల కింద చర్య తీసుకుంటూనే ఉంటామని చెప్పారు. ఆ సెక్షన్లు తెలుసుకోవాలి. 1950 నాటి ఆర్మీ చట్టం 45వ సెక్షన్ అధికారుల ‘హోదాకు తగని ప్రవర్తన’ గురించి. 46వ సెక్షన్ క్రూరమైన, అసభ్యమైన, ‘ప్రకృతి విరుద్ధమైన’ అవమానకర ప్రవర్తన గురించి. దానికి ఏడేళ్ళ దాకా శిక్ష. ఏది ప్రకృతి, ఏది విరుద్ధం అని చట్టంలో ఎక్కడా నిర్వచనం లేదు. కమాండరు ఏది అనుకుంటే అది. పైగా సైనికుల ప్రాథమిక హక్కులను కుదించే అధికారం రాజ్యాంగంలోని 33వ అధికరణం పార్లమెంటుకు ఇచ్చింది. అందువల్ల 2018 తీర్పు కంటోన్మెంటు గేటు దగ్గర ఆగి నిలబడి ఉంది.

మన విశాఖపట్నంలోనే జరిగింది ఇంకొకటి. 2010లో నౌకాదళంలో చేరి అక్కడి స్థావరంలో పనిచేసిన ఒక నావికురాలు సెలవులో లింగమార్పిడి శస్త్రచికిత్స చేయించుకుంది. 2017 అక్టోబరులో ‘ఇక సేవలు అవసరం లేదు’ అని పంపేశారు. గే కావడం, ట్రాన్స్ కావడం ఒకటి కాదు, రెంటినీ కలిపేయకూడదు. అయినా నౌకాదళం చెప్పిన కారణం చూడండి. చేరేటప్పుడు ఏ స్థితిలో ఉందో ఆ స్థితిని తనంతట తనే మార్చుకుంది, అది భర్తీ నిబంధనలకు విరుద్ధం అని. పెర్రీ చేరేటప్పుడు ఉన్నట్టే చివరిదాకా ఉన్నాడు, చెప్పినట్టే ఉన్నాడు. అతన్నీ పంపేశారు. చెప్పినవాడికీ ఒకటే, మారినవాళ్ళకీ ఒకటే.

మన పిల్లవాడికి నేను రాసిన జవాబులో ముఖ్యమైన భాగం ఇది. అడగని గడిని నువ్వు గీసి టిక్కు పెట్టక్కర్లేదు. అది పిరికితనం కాదు. అద్దె ఇంటి ఓనరుకు మన తల్లిదండ్రులు అన్నిసార్లూ నిజం చెప్పలేదు, వాళ్ళు పిరికివాళ్ళా? 46వ సెక్షన్ చదువు. ఒక్క అధికారి మంచివాడైనంత మాత్రాన ఏదీ రాసివ్వకు. పెర్రీకి పదేళ్ళకు పైగా మంచి అధికారులే దొరికారు, వాళ్ళు రాసిన పొగడ్తలూ అతను రాసిచ్చిన నిజమూ ఒకే ఫైల్లో ఉన్నాయి. బీఈడీ సీటు వస్తే వదులుకోకు. ఎందుకంటే ఇప్పుడున్నది అగ్నిపథ్, నాలుగేళ్ళు. నూటికి పాతికమందినే ఉంచుకుంటారు, మిగతావాళ్ళకు పింఛను లేదు. ఎవరిని ఉంచాలో పైవాళ్ళు తేల్చే పద్ధతిలో, నీ గురించి పుట్టే గుసగుస కోర్టు దాకా పోనక్కర్లేదు, నువ్వు ఆ పాతికలో లేకపోతే చాలు.

అసలు ఆర్మీ దేనికి, హింస కదా, రాజ్యం కదా అని కొందరు మిత్రులు అంటారు. ముఖ్యంగా నగరాల్లో ఉండే క్వీర్ మిత్రులు. వాళ్ళ వాదన నాకు తెలుసు. కశ్మీరులో, ఈశాన్యంలో సైన్యం ఏం చేసిందో నాకూ తెలుసు. కానీ మా వాడల్లో మిలటరీ నుంచి వచ్చినవాడి ఇల్లు పెంకుటిల్లు కాకుండా డాబా అవుతుంది. అతను చావడి దగ్గర నిలబడి మాట్లాడితే కరణం కొడుకు కూడా వింటాడు. రామ్‌జీ సక్పాల్ సుబేదారు కాకపోతే, ఆ కంటోన్మెంటు బడి లేకపోతే, మనకు ఎవరు దక్కేవారు కాదో అందరికీ తెలుసు. ఆ దారిలో పోవాలనుకునే పిల్లవాడికి ముందు దారి చూపించి, సిద్ధాంతం తర్వాత మాట్లాడొచ్చు.

‘మనకెందుకురా’ అన్న పెద్దాయన దగ్గరికి వస్తాను. అమెరికాలో గే సైనికుల ఉద్యమానికి ముఖం ఎవరంటే అందరూ లెనార్డ్ మాట్లోవిచ్ పేరే చెబుతారు. వైమానిక దళం సార్జెంటు, వియత్నాంలో మూడు దఫాలు పనిచేసి పతకాలు తెచ్చుకున్నవాడు, తెల్లవాడు. 1975లో నేను గే అని పై అధికారికి ఉత్తరం ఇచ్చి, సెప్టెంబరులో టైమ్ పత్రిక ముఖచిత్రం అయ్యాడు. గొప్పవాడే, నాకు అందులో అనుమానం లేదు. ఇంకో సంగతి, వైమానిక దళంలో జాతి సంబంధాల మీద పాఠాలు చెప్పేవాడు. నల్లవాళ్ళ పోరాటం గురించి చెబుతూ చెబుతూ తన బతుకు తనకు అర్థమైందట. నల్లవాళ్ళ ఉద్యమం తెల్ల గే సైనికుడికి నోరిచ్చింది. కానీ అదే ఏడాది బోర్డు ముందు నిలబడి గెలిచిన నల్ల గే సైనికుణ్ణి గే ఉద్యమం ముందుకు తీసుకురాలేదు. ఆడవేషాలు వేస్తాడు, నోరు పెద్దది, పోస్టరు మీద బాగుండడు. 1993లో నిషేధం మీద దేశమంతా చర్చ జరుగుతుంటే, సుప్రీంకోర్టు దాకా వెళ్ళి గెలిచిన తనను మాత్రం పిలవలేదని పెర్రీ బాధపడ్డాడు.

ఇటువైపు నల్లవాళ్ళలోనూ అంతే. 1993లో సర్వసేనానుల అధిపతి కోలిన్ పావెల్, ఆ పదవిలోకి వచ్చిన మొదటి నల్లజాతీయుడు. గే సైనికులను అనుమతించవద్దని గట్టిగా నిలబడినవాళ్ళలో ఆయనొకడు. ట్రూమన్ ఉత్తర్వుతో దీన్ని పోల్చొద్దని, చర్మం రంగు వేరు, నడత వేరు అని అన్నాడు. ఒక తరం ముందు తన రంగు గురించి ఇదే స్నానాల గది వాదన విన్న జాతి మనిషి. చివరికి ‘అడగొద్దు, చెప్పొద్దు’ అనే రాజీ చట్టం వచ్చింది. ఉండొచ్చు, కానీ తెలియకూడదు. ఆ చట్టం కింద 13,000 మందికి పైగా ఉద్యోగాలు పోయాయి. అది పూర్తిగా పోయింది 2011 సెప్టెంబరు 20న. అప్పటికి పెర్రీ చనిపోయి పదిహేనేళ్ళు. 1996 మార్చిలో టకోమాలోనే, ఎయిడ్స్‌తో పోయాడు. 47 ఏళ్ళు.

మన పెద్దాయన పావెల్ కంటే పెద్ద పదవిలో ఏమీ లేడు కాబట్టి ఆయన మాటతో ఎవరి ఉద్యోగమూ పోదు. కానీ ఒక పిల్లవాడు మన గ్రూపులోంచి మౌనంగా బయటికి వెళ్ళిపోయాడు. ఆయన బాబాసాహెబ్ ఫొటోనే డీపీగా పెట్టుకుంటాడు కాబట్టి ఒక సంగతి గుర్తుచేస్తాను. 1934లో బొంబాయిలో ఆర్.డి. కార్వే మీద అశ్లీలత కేసు నడిచింది. ‘సమాజ స్వాస్థ్య’ అనే ఆయన పత్రికలో పాఠకులు లైంగిక విషయాల మీద ప్రశ్నలు పంపితే కార్వే జవాబులు రాసేవాడు. ఆ ప్రశ్నల్లో స్వలింగ సంపర్కం కూడా ఉంది. సనాతనులు కోర్టుకు లాగారు. కార్వే తరఫున వాదించిన వకీలు డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్. కేసు ఓడిపోయారు, కార్వేకు జరిమానా పడింది. అప్పటికి మహాడ్ అయింది, రౌండ్ టేబుల్ అయింది, పూనా ఒప్పందం అయింది. చేతినిండా పని ఉన్న మనిషి, ఇది మనకెందుకు అనలేదు.

ఆ కేసు గురించి వివరంగా వచ్చే భాగంలో రాస్తాను. జై భీమ్.